ఒకటి ఐదు మూడు

సల్మాబాద్ సందుల మా షెడ్డు.
పొద్దుగాల ఏడింటికే రేకు సుర్రుమంటది.
రెండు ఇనుప స్టాండ్ల మీద కూసున్నది
కారు గాదు, కారు తొక్క.
తట్టితే ఎండిన సొరబుర్ర లెక్క మోగుతది.
దీని అసలుది ఎన్నడో పందేలల్ల ఉరికిందట,
ఇది దాని అచ్చుల పోసుకున్న ఫైబర్.
లోపట గొట్టాలతోని అల్లిన ఛాసీ,
నలుగురం పడితే లేస్తది.
ముందర మాత్రం బొంద. ఖాళీ.
అండ్ల ఏం బెట్టాలె?
గదీ పంచాయితి.

షేర్ జమాన్ గడ్డం దువ్వుకుంట అంటడు:
వి-ఎయిట్ పెట్టు భాయ్,
యార్డుల బోల్తాపడ్డ పికప్‌ది ఉన్నది,
నాలుగు వందల గుర్రాలు!
నేను టేపు పట్టి చూపిన.
స్టీరింగు రాడు సైలెన్సరు గొట్టానికి తాకుతది,
బ్రేకులు సైకిలు బ్రేకులైతయి,
మొదటి మలుపుకే ఈ ఛాసీ
పిండిన తువ్వాల లెక్క మెలివడ్తది.
పిండి కొద్దీ రొట్టె, ఖాన్ సాబ్.

కుంజుమోన్ ఫోన్ల నుంచి తల లేపకుంటనే:
జపాన్‌ది, నాలుగు సిలిండర్లు, టర్బో.
తేలిక. సస్తా. రోజూ స్టార్టయితది.
లెక్క ప్రకారం గదే పెట్టాలె.
అండ్ల తప్పు దొరుకక
గమ్మున స్పానర్లు తుడుసుకుంట కూసున్న.

మాపటికి హాజీ మన్సూర్ వచ్చిండు,
తెల్లటి తోబు, మోచేతి కాడ గ్రీజు మరక.
చాయ్ సల్లారిపోంగ చెప్పిండు:
నాయిన నూనె కంపెనీల గుమాస్తా అట.
గోరాలు ఒకనాడు పందెం పెట్టుకున్నరట.
కంచె అవతల దుమ్ము లేసింది,
కారు కండ్ల వడలే,
చప్పుడొక్కటే చెవుల వడ్డది.
సచ్చేదాక గా చప్పుడును
నోటితోని చేసి చూపుతుండెనట
పెండ్లిల్లల్ల, పోరగాండ్లకు అన్నం తినిపించంగ,
ఆఖరుకు దవాఖానల మంచం మీద కూడ.

“చెయ్యి, హాజీ,” అన్న.
“ఏంది?”
“మీ నాయిన చేసిన చప్పుడు.”

డెబ్బై ఏండ్ల మనిషి అటిటు చూసిండు.
నేను లేసి కంప్రెసర్ బంద్ చేసిన.
పండ్లసెట్టు సదురుకున్నడు,
పెదవులు బిగవట్టిండు.
ముందుగాల సిగ్గు. తర్వాత గేరు.

కండ్లు మూసుకొని ఇన్న.
ఎనిమిది గాదు,
ఎనిమిదైతే హుక్కా తాగినట్టు గుడగుడ.
నాలుగు గాదు,
నాలుగైతే కుట్టుమిషిను.
ఇది కొత్తగుడ్డ చింపినట్టు సాఫుగ,
నడుమ ఎక్కడ తెగకుంట...
ఆరు. ఒక్కటే వరుసల ఆరు.
ఒకటి ఐదు మూడు, ఆరు రెండు నాలుగు.
ఆర్మూర్ల లారీల కింద మల్లవండుకొని
నేర్చుకున్న ఎక్కం గిది.
ఏ పంతులు చెప్పలే.

మిగిలిందంత ఒట్టి పని.
పాత సెడాను నుంచి దింపిన ఆరు సిలిండర్లది,
పొడుగెక్కువ, ఎత్తెక్కువ,
బానెట్ మూతవడలే.
పక్కకు ఒరగవెట్టిన,
జానెడు ఎనుకకు జరిపిన,
సంపు కోసి మల్ల అతికిన.
మూడు కార్బురేటర్లు. రంజాన్ నెలంత రాత్రి పనే.
సెల్ఫ్ కొట్టంగనే అందుకున్నది,
షెడ్డు రేకులు ఇంత లేసి కూసున్నయి.

హాజీ ఇన్నడు. బాగున్నదన్నడు.
మల్లొకపారి ఇన్నడు.
“గేరు దింపేటప్పుడు మా నాయిన
చిన్నగ దగ్గుతుండె,” అన్నడు.
“ఊపిరందక కావచ్చు.”

కావచ్చు.

స్క్రూడ్రైవర్ తీసుకున్న.
మూడో కార్బురేటర్ స్క్రూ పావు చుట్టు బిగించిన.
ఉస్తాద్ చూస్తే చెయ్యి మీద కొట్టేటోడు.
ఎక్స్‌లేటర్ తొక్కి ఇడిసిన.
కుహ్. కుహ్.

వెల్డింగు అద్దం ఎత్తి
షేర్ జమాన్ దూరం నుంచి ఒర్లిండు:
“లింబాద్రీ, బండి దగ్గుతున్నది, సూడు!”
హాజీ అప్పటికే గోడ దిక్కు తిరిగి నిలవడ్డడు.
“బండి గాదు,” అన్న.